తొందర మనది... ఇబ్బంది పసివాడిది

"మా వాడు ఏడాది నిండకుండానే ఒంటికీ రెంటికీ చెప్పేవాడు. నీ కొడుక్కి రెండేళ్లొచ్చినా ఇంకా డైపరేనా?" ఈ మాట పడని తల్లి అరుదు. అత్తగారో ఆడపడుచో మామూలుగానే అనేస్తారు. ఆ ఉక్రోషం కాస్తా పసివాడి వీపు మీద తేలుతుంది. దానికి తోడు ప్లేస్కూళ్లు. డైపర్ మానితేనే చేర్చుకుంటామని కొన్నిచోట్ల షరతు. దాంతో జూన్ వచ్చేలోగా ఎలాగైనా నేర్పేయాలని హడావుడి.

పెద్దవాళ్లు చెప్పేది అబద్ధమేం కాదు. అమ్మమ్మలు కాళ్లు చాపుకుని, నెలల పిల్లల్ని పాదాల మీద కూర్చోబెట్టుకుని 'ఉస్స్' అంటే పని అయిపోయేది. కానీ అక్కడ వేళ కనిపెట్టింది అమ్మమ్మ! ఇంట్లో అంత తీరికున్న మనిషి ఉంటే ఇప్పుడైనా అలా చేయొచ్చు. పిల్లలు తమంతట తాము ఆపుకోవడం, చెప్పడం, వెళ్లి కూర్చోవడం మాత్రం వేరే సంగతి. అందుకు కండరాల మీద పట్టు రావాలి. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య చాలామందికి అది మొదలవుతుంది. కొందరికి మూడేళ్లూ పడుతుంది. అమెరికాలో పిల్లల వైద్యుడు బెర్రీ బ్రేజెల్టన్ 1962లో 1,170 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. సిద్ధమయ్యారని చూసి మొదలుపెడితే, పగటి అలవాటు సగటున 28 నెలలు దాటాక కుదిరిందని అందులో తేలింది.

సిద్ధమయ్యారని ఎలా తెలుస్తుంది? గుడ్డలు రెండు గంటలైనా తడవకుండా ఉంటాయి. రెండుకి వచ్చేటప్పుడు తలుపు చాటుకో మంచం పక్కకో వెళ్లి నక్కుతారు. తడిస్తే విప్పమని లాగుతారు. చిన్న చిన్న పనులు చెబితే చేస్తారు. ఇవి కనిపిస్తే మొదలుపెట్టండి. చెల్లో తమ్ముడో పుట్టినప్పుడు, ఇల్లు మారినప్పుడు, జ్వరం పడి లేచినప్పుడు మాత్రం కొన్నాళ్లు ఆగండి.

పాలో టిఫినో కడుపులో పడ్డ కాసేపటికి పేగులు కదులుతాయి. అప్పుడు పాటీ మీద కూర్చోబెడితే సులువు. ఐదు నిమిషాలు చాలు. రాకపోతే లేపేయండి. కమోడ్ మీదైతే కాళ్లు గాల్లో వేలాడకుండా కింద చిన్న పీట వేయాలి. సులువుగా లాక్కోగలిగే నిక్కరు తొడగండి. వస్తోందని చెబితే మెచ్చుకోండి. తడిపేస్తే మాట్లాడకుండా మార్చేయండి.

కొట్టి నేర్పితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. భయంతో పిల్లలు బిగబట్టుకుంటారు. విరేచనం గట్టిపడుతుంది. ఈసారి వెళ్తే నొప్పి. ఆ నొప్పికి జడిసి మళ్లీ బిగబడతారు. ఇలా మలబద్ధకం ముదిరితే, లోపల పేరుకున్నదాని పక్కనుంచి పలచగా కారి నిక్కరుకు అంటుతుంది. మనమేమో కావాలని చేశాడని ఇంకో రెండు తగిలిస్తాం! అలాంటప్పుడు ఆ శిక్షణ ఆపి, నీళ్లు, పళ్లు, కూరలు ఎక్కువగా ఇస్తూ డాక్టరుకు చూపించాలి. రక్తం పడినా, మూత్రం పోసేటప్పుడు ఏడ్చినా, బాగా అలవాటైన పిల్లలు హఠాత్తుగా మళ్లీ తడుపుతున్నా, నాలుగేళ్లు నిండినా పగలు పట్టు రాకపోయినా అంతే. రాత్రి పక్క తడపడం మాత్రం ఐదేళ్ల దాకా మామూలే. రబ్బరు షీటు వేసి ఊరుకోండి.

పసిపిల్లల మలం ఏం చేస్తుందిలే అనుకోవడం పొరపాటు. అందులోనూ రోగక్రిములుంటాయి. దాన్ని పెరట్లో పారేయకుండా మరుగుదొడ్డిలోనే వేయాలి. మీ చేతులూ, పిల్లల చేతులూ సబ్బుతో కడగాలి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి కడగాలి.

ఇదంతా తల్లి ఒక్కతే చేయాలని ఎక్కడుంది? ఆఫీసు నుంచి వచ్చిన నాన్న కూడా పాటీ దగ్గర కూర్చోవచ్చు, తడిసిన గుడ్డలు మార్చవచ్చు. బిడ్డ ఎప్పుడు నేర్చుకున్నాడన్నది తల్లికి వేసే మార్కు కాదు. ఈసారి ఎవరైనా ఆ లెక్క అడిగితే "వాడికి కుదిరినప్పుడు నేర్చుకుంటాడు లెండి" అని నవ్వేయండి. మీ మీద ఆ భారం తగ్గితే, పసివాడి మీద మీ చెయ్యి లేవదు.