ఉచ్చం - నీచం

కొన్ని మాటలకు గ్రహచారం బాగుండదు. 'నీచ' అనే మాట అటువంటిది. సంస్కృతంలో దానికి అసలు అర్థం కిందుగా ఉన్నదని మాత్రమే. మెరకా పల్లమూ అన్నట్లే ఉచ్చమూ నీచమూను. మనం దాన్ని మనుషుల గుణానికి తగిలించి తిట్టు చేసుకున్నాము. ఖగోళశాస్త్రజ్ఞులు మాత్రం పాపం, ఆ మాటను తిట్టుగా వాడలేదు.

భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి అచ్చమైన గుండ్రన కాదు, కాస్త కోలగా ఉంటుంది. గ్రహాల దారులు ఇలా ఉంటాయని కెప్లర్ 1609లో కుజుడి నడకను లెక్కగట్టి లోకానికి చెప్పాడు. సూర్యుడు ఈ కోలవృత్తానికి నట్టనడుమ ఉండక ఒక పక్కకు జరిగి ఉంటాడు. అందుచేత ఆ దారిలో అన్నిటికన్నా దగ్గరి చోటు ఒకటి, అన్నిటికన్నా దూరపు చోటు ఒకటి ఏర్పడతాయి. దగ్గరి చోటు మన సిద్ధాంతులకు నీచ; దూరపు చోటు మందోచ్చ. అక్కడ నడక మందగిస్తుంది గనుక ఆ 'మంద' శబ్దం. పాఠ్యపుస్తకాల్లో వీటినే పరిహేళి, అపహేళి అంటున్నారు. హేళి అంటే సూర్యుడే. అది గ్రీకుల 'హేలియోస్'. వరాహమిహిరుడు ఎన్నడో మనవాళ్లలో కలుపుకున్న మాట.

జనవరి మొదటివారంలో సూర్యుడు మనకు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. జూలై మొదటివారంలో 15 కోట్ల 21 లక్షలు. ఈ సంగతి క్లాసులో చెబితే వెనకబెంచీ కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, అంత దగ్గరగా ఉంటే సంక్రాంతికి ఆ చలేమిటండీ?" అన్నాడు. తెలుగు క్లాసులో అడిగినా మంచి ప్రశ్నే. దూరంలో తేడా నూటికి మూడు పాళ్లు. దానివల్ల అందే వేడిలో తేడా నూటికి ఏడు. భూమి ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి ఉండటం దీన్ని మింగేస్తుంది. జనవరిలో మనవైపు కిరణాలు ఏటవాలుగా పడతాయి, పగలు కురచ. అదే జనవరి ఆస్ట్రేలియాలో నడివేసవి. దగ్గరితనం ఒకటే చాలదు, ముఖం ఎటు తిప్పి ఉన్నామనేది కూడా చూసుకోవాలి.

దగ్గరైనప్పుడు భూమి నడక పెరుగుతుంది. జనవరిలో సెకనుకు 30.3 కిలోమీటర్లు, జూలైలో 29.3. ఇది పంచాంగంలోనూ కనిపిస్తుంది. రాశి ఏదైనా ముప్పై డిగ్రీలే. అయినా సూర్యసిద్ధాంతం లెక్కన రవి మిథునాన్ని దాటడానికి 31 రోజుల 15 గంటలు పడితే, ధనుస్సును 29 రోజుల 8 గంటలకే దాటేస్తాడు. ధనుర్మాసం ఇట్టే అయిపోయిందని పులిహోరప్రియులు విచారించడం ఊరికే కాదన్నమాట! చాంద్రమాసం సగటున 29 రోజులన్నర. అంటే ధనుర్మాసం దానికన్నా పొట్టిది. అందుకే ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు ఇరికి క్షయమాసం రావడమంటూ ఉంటే అది చలికాలంలోనే వస్తుంది. 1963-64లో, 1982-83లో వచ్చింది. దుర్భిణి లేని కాలంలోనే మన పూర్వులు ఇంత సూక్ష్మం పట్టారు.

చంద్రుడిదీ ఇదే వరస. ఒకప్పుడు మూడు లక్షల అరవై వేల కిలోమీటర్ల లోపుకు వస్తాడు, ఒకప్పుడు నాలుగు లక్షలు దాటిపోతాడు. 2010 జనవరి 15న రామేశ్వరంలో కంకణ గ్రహణం కనిపించింది. అప్పటికి చంద్రుడు దూరపు చోటుకు చేరువలో ఉండి చిన్నగా, సూర్యుడు దగ్గరగా ఉండి పెద్దగా కనిపించారు. చిన్న మూత పెద్ద గిన్నెను కప్పలేదు. హిందూమహాసముద్రం మీద ఆ కంకణం 11 నిమిషాల 8 సెకన్లు నిలిచింది.

ఇంతవరకూ లెక్క. చిక్కంతా ఇకమీదనే. మా కాలేజీలో నా తోటి లెక్చరరు ఒకాయన ఉన్నారు. ఆయన కుమార్తె 1999లో పుట్టింది, ఎమ్మెస్సీ చదివింది. పెళ్లివారు వచ్చారు, చూశారు, మెచ్చారు. వారం తిరక్కుండా జాతకం తిప్పి పంపారు. "నీచ శని" అన్నారట. ఆ పిల్ల రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. "మాస్టారూ, మాటలు తెలిసినవారు మీరు. నీచమంటే అంత చెడ్డదాండీ?" అని ఆయన అడిగినప్పుడు నాకు గొంతు పెగల్లేదు.

తర్వాత తేరుకుని చెప్పాను. జ్యోతిష్కుల నీచ వేరు, ఖగోళజ్ఞుల నీచ వేరు. జ్యోతిష్కులకు మేషరాశి అంతా శనికి నీచస్థానం. ఆకాశంలో శని నిజంగా సూర్యుడికి దగ్గరైంది 2003లో, మిథునంలో ఉండగా. మాట ఒకటే, వస్తువులు రెండు. ఆ మాటలోని తిట్టు మాత్రం మనం చేర్చిందే. పోనీ, జాతకాన్నే నమ్ముదామా? శని 1998 ఏప్రిల్ నుంచి 2000 జూన్ దాకా మేషంలోనే ఉన్నాడు. ఆ రెండేళ్లలో లోకమంతటా పుట్టిన పిల్లలందరికీ అదే శని. వరుడు పుట్టింది 1998 దసరాల్లోనట!

మా మిత్రుడు ఈ చివరి సంగతొక్కటి మర్యాదగా కార్డు మీద రాసి పెళ్లివారికి పంపాడు. ఇంకా జవాబు రాలేదు. అమ్మాయి మాత్రం గదిలోంచి బయటికి వచ్చి, ఆ కార్డు తనకొక నకలు కావాలని అడిగిందట.