ప్రహ్లాదుడు పెద్దవాడైన పిదప

కనుమ పండుగ నాడు అహోబల నరసింహస్వామి పల్లకి పల్లెబాట పట్టును. చెంచుల ఇంటి అల్లుడైన ఆ దేవుడు తన పెండ్లికి తానే పిలుపులు చెప్పుకొనుటకై ఆళ్లగడ్డ, రుద్రవరము, చాగలమర్రి పరిసర గ్రామములు తిరిగి, ఫాల్గుణ బ్రహ్మోత్సవముల నాటికి మరల అహోబలము చేరునని పెద్దలు చెప్పుదురు. దీనిని పారువేట యందురు. ఉగ్రస్తంభము, ప్రహ్లాదుని బడి యను గుహ, ఇట్లు కథ యంతయు ఈ సీమవారికి కొండరాళ్లలో కంటి యెదుటనే యున్నది. అయినను ప్రహ్లాదుడన్నంతనే ఒక తరమువారి మనస్సున మెదలెడి మొగము శిలలోనిది కాదు. 1967 సంక్రాంతి దినములలో వెలువడిన ఏ.వి.యం. వారి 'భక్త ప్రహ్లాద' చిత్రములోని ఒక పసిపిల్లది. ఆమె పేరు రోజారమణి.

ఆ చిత్రమునకు చిత్రపు నారాయణమూర్తి దర్శకుడు. సాలూరి రాజేశ్వరరావు సంగీతము. హిరణ్యకశిపుడు ఎస్.వి. రంగారావు, లీలావతి అంజలీదేవి, నారదుడు సాక్షాత్తు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఇట్టి దిగ్దంతుల నడుమ బెదరక నిలుచుటయే ఒక పెద్దపని. రంగారావు గర్జించునపుడు ఆ పిల్ల గొంతు పెంచి పోటీకి దిగదు. ఊరక నిలిచి తండ్రి మొగము చూచును. ఆ చూపులో ధిక్కారము లేదు, భయమును లేదు. తండ్రి యందలి జాలి కొంత గలదు. పోతన కవి పెంచిన బాలునికి అదియే తగిన రూపు. పాటలకు మాత్రము నేపథ్యగాయని గళమే ఆధారము. తెరపై మొగము ఒకరిది, గానము మరొకరిది. ఈ మాట గుర్తుంచుకొనదగినది.

చిన్ననాడు ఇంతటి పేరు పొందినవారికి పిదప ఏమగును? ఆమెకు అన్యాయము జరిగినదని కన్నీరు కార్చుట సరికాదు. జీవితమును ఆమె చక్కగా దిద్దుకొన్నది. 1972లో మలయాళ చిత్రము 'చెంబరత్తి'లో, మరుసటి యేట తెలుగు 'కన్నెవయసు'లో నాయిక. ఒరియా చిత్రములలోను పేరు గడించి, అక్కడి నటుడు చక్రపాణిని వివాహమాడినది. తెలుగున మాత్రము ప్రహ్లాదునికి సాటివచ్చు పాత్ర మరి దొరకలేదు. అటుపిమ్మట ఆమె డబ్బింగు గదిలో ప్రవేశించి, వందల చిత్రములలో ఇతర నాయికలకు గళ మిచ్చినది. బాల్యమున ఇతరుల గానమునకు తన మొగ మిచ్చిన నటి, ప్రౌఢవయస్సున ఇతరుల మొగములకు తన పలుకు నిచ్చినది. తెలుగు రాని నాయికలు తెలుగు ప్రేక్షకుని ఏడిపింపగలిగిరన్నచో అందు సగము పుణ్యము ఇట్టి గళములదే. ప్రేక్షకుడు ఆ సంగతి ఎరుగడు. ఎరిగింపవలసిన పరిశ్రమయు తొందరపడదు.

'మాజీ బాలనటి' అను మాటయే వింతయైనది. మాజీ మంత్రి యన్న అర్థమగును, పదవి పోయినది. బాల్యము పోవుట పదవి పోవుట వంటిదా? చలనచిత్రములలో అంతియే. పండ్రెండేండ్ల పిల్లకు అక్కడ చోటు లేదు. ఆమె అటు పాపాయియైనను కావలెను, ఇటు నాయికయైనను కావలెను. 1972లో 'బడిపంతులు' చిత్రమున ఎన్.టి. రామారావుకు మనుమరాలైన శ్రీదేవి, 1979లో 'వేటగాడు'లో ఆయనకే నాయిక అయినది. ఏడేండ్లలో తాత చేయి విడిచి అదే చేయి పట్టుకొని పూలతోటలో పాడవలసివచ్చినది. ఆయన వయస్సును ఎవ్వరు నడుగలేదు. ఆమె ఎదుగుటకు వ్యవధి నిచ్చినవారును లేరు.

దీనికి భిన్నమైన లోకము ఒకటి ఈ సీమ పొరుగుననే పుట్టినది. కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావు ఆరంభించిన నాటకసమాజము కుటుంబమునే రంగస్థలముగా చేసినది. మొట్టమొదటి తెలుగు టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద', ఆ సురభి వారి నాటకమునకే తెరరూపము. అందు లీలావతి సురభి కమలాబాయి. సురభి గుడారమున ప్రహ్లాదుని వేషము కట్టిన పిల్ల కొన్నేండ్లకు లీలావతి యగును. మరి కొన్నేండ్లకు తన బిడ్డకు ప్రహ్లాదుని పాఠము చెప్పును. అక్కడ వయస్సు మీరుట వేషము మారుటయే గాని, వెలి కాదు. ఆ బ్రదుకు సుఖమైనదని చెప్పరాదు. గుడారములు, ఊరూరి తిరుగుడు, టిక్కెట్టు డబ్బుపై ఆధారపడిన పూట, నిలకడలేని చదువు, ఇవన్నియు కలవు. అయినను నిన్నటి బాలనటిని మాజీ యని పిలువవలసిన అగత్యము వారికి కలుగలేదు.

చట్టము ఆలస్యముగా మేలుకొన్నది. 1921లో చార్లీ చాప్లిన్ 'ది కిడ్' చిత్రమున నటించిన జాకీ కూగన్, పెరిగిన పిదప తన సంపాదన కరిగిపోయినదని తల్లిపైనే వ్యాజ్యము వేసెను. ఫలితముగా 1939లో కాలిఫోర్నియా రాష్ట్రము చట్టము చేసినది. మన దేశమున బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, బాలనటులకు మినహాయింపు నిచ్చిరి. 2017 నియమములలో హద్దులు గీచిరి. దినమునకు అయిదు గంటలు మించరాదు. విరామము లేక మూడు గంటలు దాటరాదు. ఇరువదియేడు దినములకు మించి వరుసగా పని చేయింపరాదు. సంపాదనలో కనీసము నూటికి ఇరువది వంతులు పిల్ల పేర బ్యాంకులో నిలువ చేయవలెను. మంచి నియమములే. కాని మిగిలిన ఎనుబది వంతులు ఎవరివి? చిత్రము ఏండ్ల తరబడి మరల మరల ప్రదర్శింపబడునపుడు ఆ పిల్లకు వచ్చు భాగ మేది? ఈ ప్రశ్నల జోలికి ఆ నియమములు పోలేదు. చండామార్కుల బడి దృశ్యమునకై నిజమైన బడి మానిపించి తెచ్చిన పిల్లకు, తిరిగి ఆ పాఠములు అందినవో లేవో చూచు బాధ్యతను కాగితముపై వ్రాయుట సులభము. చిత్రీకరణ స్థలమున చూడవలసినవారు ఎందరు చూచుచున్నారో అడుగవలెను.

రోజారమణి కుమారుడు తరుణ్ కూడ బాలనటుడే. 1990 నాటి 'అంజలి' చిత్రమునకు ఉత్తమ బాలనటుడుగా జాతీయ పురస్కారమును మరి ఇద్దరు బాలికలతో పంచుకొన్నాడు. పదేండ్ల తరువాత, 2000లో, 'నువ్వే కావాలి' చిత్రముతో నాయకుడైనాడు. 'అంజలి'కి, దానికి నడుమ ఆ పిల్లవానికి ఎదుగుటకు పదేండ్లు దొరికినవి. 'భక్త ప్రహ్లాద'కును 'చెంబరత్తి'కిని నడుమ అతని తల్లికి దొరికినవి అయిదే.