జూన్ ఒకటో తారీఖు పిల్లలం

నేను పుట్టింది ఏ రోజో నాకు తెలీదు. మా అమ్మనడిగితే "మినుము పీకేటప్పుడురా, చేలోనించి ఇంటికొచ్చిన రాత్రే" అంటది. టెన్త్ సర్టిఫికెట్లో మాత్రం 1-6-1988 అనుంది. ఆ ఏడు మా మాదిగపల్లె నించి బళ్ళో చేరిన ఏడుగురమూ జూన్ ఒకటినే పుట్టాం. ఒక తల్లి కడుపున కాదు, ఒక పంతులుగారి కలం కింద. ఊళ్ళో పిల్లల తారీఖులు వాళ్ళ నాయనలు జాతకం చూసి చెప్పారు. మమ్మల్ని మాత్రం చెయ్యి తల మీదుగా తిప్పమని, చెవి అందిందో లేదో చూసి రాసుకున్నారు.

ఇందులో ఏముంది, అందరికీ జరిగేదే గదా అంటారా? ఉండండి.

2002 ఎండాకాలం. నేను ఎనిమిది పాసై తొమ్మిదిలోకి పోతున్నా. ఊళ్ళో ఒక ఆసామి బోరు మోటారు విప్పి ఎవరో రాగితీగ ఎత్తుకుపోయారు. పొద్దుగూకి పల్లెలోకి జీపొచ్చింది. నన్నూ, మా చిన్నాన్న కొడుకునీ ఎక్కించుకుపోయారు. హెడ్డు పేరడగలా. వయసడగలా. "ఏ పల్లెరా?" అన్నాడు. చెప్పా. ఎంక్వైరీ అక్కడికి అయిపోయింది, తర్వాతదంతా లాఠీ పని. తెల్లారి తెల్లకాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నారు. "నాకు సంతకం వచ్చయ్యా" అన్నా. చదువుకున్నోణ్ణని గొప్ప చెప్పుకోబోయా. వాళ్ళు నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తీగ ఎత్తింది ఆసామి మేనల్లుడేనని నెల తర్వాత తేలింది. అతన్ని స్టేషనుకి పిలవలేదు. వాళ్ళే ఇంటికెళ్ళి మందలించి వచ్చారు.

దెబ్బలు మానినయ్. మానంది ఇంకోటుంది. వదిలేస్తూ "ఇల్లు కదలొద్దు, రోజూ పొద్దున్నే వచ్చి కనబడండి" అన్నారు. నలభై రోజులు కూలికి పోలేదు, బళ్ళు తెరిచినా బడికి పోలేదు. పెద్ద నాయకుణ్ణి ఒక పూట గడప దాటనీకపోతే పేపర్లు గృహనిర్బంధమని మొదటి పేజీలో రాస్తాయి. మాకు పడింది అదే. ఆర్డరు లేదు, గడువు లేదు, ఏ కోర్టుకీ తెలీదు. పిల్లవాణ్ణి నోటిమాటతో ఇంట్లో కట్టేసే అధికారం ఏ చట్టమూ ఏ హెడ్డుకీ ఇవ్వలా. మా చిన్నాన్న కొడుకు మళ్ళీ బడి మొహం చూళ్ళేదు. బెల్దారి పనికి హైదరాబాదు పోయాడు.

పద్దెనిమిది నిండనివాళ్ళందరూ పిల్లలేనన్న 2000 నాటి చట్టం అప్పటికే ఏడాదిగా, 2001 ఏప్రిల్ 1 నుంచి, అమల్లో ఉంది. మా పల్లెకి జీపొచ్చింది గానీ చట్టం రాలా.

ఇప్పుడున్నది 2015 చట్టం. పిల్లవాణ్ణి లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. తల్లిదండ్రులకి కబురు చెయ్యాలి. ప్రయాణం పోను ఇరవైనాలుగు గంటల్లో జువెనైల్ బోర్డు ముందుంచాలి. ప్రతి స్టేషన్లో ఏఎస్సైకి తగ్గని ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. 2016 నాటి కేంద్ర మోడల్ రూల్సు ఇంకా ముందుకెళ్ళాయి: బేడీలు వెయ్యొద్దు, ఏ స్టేట్‌మెంటు మీదా సంతకం అడగొద్దు, నేరం ఒప్పుకోమని ఒత్తిడి చెయ్యొద్దు. చిన్న దొంగతనానికి ఎఫ్ఐఆర్ కట్టకుండా డైరీలో రాసుకొని, ఇంటి పరిస్థితి రిపోర్టుతో బోర్డుకి పంపాలి. మామూలుగా పట్టుకుపోనే కూడదు.

సెమినార్లలో లా విద్యార్థులు ఇవన్నీ చక్కగా చెబుతారు. చివర్లో "ప్రజల్లో అవగాహన లేదండీ" అంటారు. ఎవరికి లేదు? మా అమ్మకా, ఎస్సైకా? అమ్మకి చట్టం తెలిస్తే లాఠీ ఆగుతుందని నమ్మేవాళ్ళు ఒక్కసారైనా స్టేషను వసారాలో రాత్రి గడపాలి.

సరే, పోలీసుల్ని తిట్టడం నాకు తేలిక. తిట్టుకోవాల్సింది మా జాతిని, అంటే పంతుళ్ళ జాతిని. ఎవడు పిల్లవాడో తేల్చడానికి చట్టం మొదట అడిగేది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం, లేదా టెన్త్ సర్టిఫికెట్. అవి లేకపోతేనే పంచాయతీవాళ్ళ జనన పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. అంటే మేం నిర్లక్ష్యంగా గీకిన జూన్ ఒకటి ఒక పిల్లవాడికి కవచం. ఏడాది ఎక్కువ రాశామా, పదిహేడేళ్ళవాడు పద్దెనిమిదికి జారి జైలుకి పోతాడు. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. మేం ఇంకా ఆధార్లోని జనవరి ఒకటి చూసే రిజిస్టర్లో ఎక్కిస్తున్నాం.

2023లో నా తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి సెల్‌ఫోను పోయిందని తీసుకుపోయారు. రాత్రి పదింటికి వాళ్ళమ్మ నా గుమ్మం ముందుంది. "సారూ, మీరు మావోళ్ళేగదా, ఒక్కసారి వచ్చి మాట్టాడండయ్యా." నేనేమన్నాను? "పొద్దున్నే హెడ్మాస్టరుగారి సంతకం పెట్టించి స్టడీ సర్టిఫికెట్ తెస్తానమ్మా" అన్నా. రూలు ప్రకారం తప్పేం లేదు. ఉద్యోగముంది, ఇంటి లోనుంది. ఆ రాత్రి నిద్రపట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, పట్టింది.

తొమ్మిదింటికి వెళ్ళేసరికి వాడు స్టేషను మెట్ల మీద కూచోనున్నాడు. లేవలేకపోయాడు. కాగితాల్లో పంతొమ్మిదేళ్ళని రాసుకున్నారు. "చూడ్డానికి చిన్నోడిలా లేడే" అన్నాడు ఎస్సై. లేడు మరి. ఐదో తరగతి నించి సిమెంటు బస్తాలు మోసే మెడ అది. సంక్షేమ అధికారి ఎవరండీ అనడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సర్టిఫికెట్ బల్ల మీద పెట్టా. పదిహేనేళ్ళు. అరగంటలో వదిలేశారు. నేను మోసుకెళ్ళింది ఒక్క కాగితం. రాత్రి రిజిస్టరు తీసుకొని పదిన్నరకే పోయుండొచ్చు.

ఇప్పుడు పల్లెల్లోకెళ్ళి తల్లుల్నడిగి ఒక నోటుబుక్కులో రాస్తున్నా. ఏ పంటకి, ఏ వానకి, ఏ తిరణాలకి పుట్టాడో. జనన పత్రం లేనివాళ్ళని ఆర్డీవో ఆఫీసుకి తీసుకెళ్తున్నా. ఆ పిల్లవాడి ఇంటికి రెండుసార్లు పోయా. వాళ్ళమ్మ మంచం వాల్చింది, మంచినీళ్ళిచ్చింది. ఇంతకుముందు మాదిరి "మావోళ్ళే" అనలేదు.