కొండలెక్కే చదువంటే నవ్వేవాళ్ళకి నాలుగు మాటలు

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. లంచ్ బ్రేక్‌లో తీరిగ్గా చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, పర్వాలేదు.

పోయిన వారం మన గ్రూపులో ఒక ముచ్చట నడిచింది. మనలో ఒకాయన బిడ్డ ఇక్కడే స్కూలు పూర్తి చేసి, కాలేజీలో అవుట్‌డోర్ అడ్వెంచర్ కోర్సు చేస్తానందట. పడవ నడుపుడు, కొండలెక్కుడు, మంచులో గుడారం వేసుకొని ఉండుడు, ఇవే పాఠాలు. ఇంక మనోళ్ళ కామెంట్లు చూడాలె. "లక్షలు పోసి చెట్లెక్కుడు నేర్చుకుంటదా?" "ఊర్లో మేకలు కాసినప్పుడు మేం ఈ కోర్సు ఫ్రీగానే చేసినం." "ఆడపిల్లకు ఇదేం చదువు, రేపు పెళ్ళెట్ల అయితది?" ఆ తండ్రి ఒక్క మాట కూడా తిరిగి అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయిండు. అందుకే రాస్తున్నా.

నేను పదో తరగతి దాకా చదివినోణ్ణి. కాలేజీ సంగతులు చెప్పేంత పెద్దోణ్ణి కాదు. కానీ ఎత్తు మీద పని, తాడు, ప్రమాదం, వీటి గురించి నాకు తెలుసు. ఆ కోర్సుల్లో నేర్పేవి చూస్తే సగం మన సైటు మీద రోజూ చేసే పనే. తాడు ఎక్కడ కట్టాలె, ఆ కొక్కెం ఎంత బరువు ఆపుతది, వాతావరణం మారితే పని ఎప్పుడు ఆపాలె, దెబ్బ తగిలితే ఆంబులెన్స్ వచ్చేదాకా ఏం చేయాలె. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో మనం చెప్పుకునేవి ఇవే కదా?

ఒంటారియోలో ఉన్నోళ్ళందరి దగ్గర వర్కింగ్ ఎట్ హైట్స్ కార్డు ఉంది. అది ఎట్ల వచ్చిందో ఎంతమందికి తెలుసు? 2009 డిసెంబర్ 24న టొరంటోలో ఒక అపార్టుమెంటు బాల్కనీలు రిపేరు చేస్తుంటే 13వ అంతస్తు దగ్గర స్వింగ్ స్టేజ్ విరిగిపోయింది. నలుగురు చనిపోయారు. వాళ్ళూ మనలాగే బయటి దేశాల నుంచి బతకడానికి వచ్చినోళ్ళు. స్టేజ్ మీద అందరికీ సరిపడా లైఫ్‌లైన్లు లేవు. తాడు సరిగ్గా కట్టుకున్నతను గాలిలో వేలాడి బతికిండు. ఆ ఘోరం తర్వాతనే 2015 ఏప్రిల్ నుంచి ఈ ట్రైనింగ్ తప్పనిసరి చేసిండ్రు. 2016లో అక్కడి ప్రాజెక్టు మేనేజర్‌కి మూడున్నరేళ్ళ జైలు శిక్ష పడింది. సూపర్‌వైజర్‌గా ఆ సంగతి నేను రోజూ గుర్తు పెట్టుకుంటా.

సైటు మీద పదిమంది ప్రాణాలు చూసుకునేవాడు కావాలె అంటే అందరం ఒప్పుకుంటాం. మరి నది మీద, కొండ మీద పదిమందిని చూసుకునేవాళ్ళు అక్కర్లేదా?

2014 జూన్ 8 గుర్తుందా? హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు హిమాచల్ టూరుకి పోయి బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడ్డారు. పైన లార్జీ డ్యాం నుంచి నీళ్ళు వదిలిండ్రు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయిండ్రు. ఆ పిల్లల తప్పేం లేదు. నీళ్ళు వదిలేవాళ్ళు చూసుకోవాల్సింది. కానీ నది తెలిసిన మనిషి ఒక్కడు వాళ్ళ వెంట ఉంటే, దిగకముందే "పైన డ్యాం ఉందా? నీళ్ళు ఎప్పుడు వదుల్తరు?" అని అడిగేటోడు. ఈ చదువు నేర్పేది ఆ ప్రశ్న అడుగుడే.

దానికి సరిగ్గా రెండు వారాల ముందు, 2014 మే 25న, మా నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. వయసు 13 ఏళ్ళ 11 నెలలు. తల్లిదండ్రులు కూలీ చేసుకునేటోళ్ళు. చదివింది సోషల్ వెల్ఫేర్ గురుకులంలో. ఆమెతో పాటు ఖమ్మం వైపు ఆనంద్ కుమార్ కూడా ఎక్కిండు. ముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టించిండ్రు, తర్వాత డార్జిలింగ్, లడఖ్ తీసుకుపోయి చలికి అలవాటు చేసిండ్రు. ఊరికే ధైర్యముంటే సరిపోదు, మెట్టుమెట్టుగా నేర్పిండ్రు కాబట్టి తిరిగొచ్చిండ్రు. "కొండలెక్కుడు తెల్లోళ్ళ సరదా, పైసలున్నోళ్ళ ఆట" అనేవాళ్ళకి ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు.

ఇప్పుడు పైసల సంగతి. ఇది దాచకూడదు. ఈ కోర్సు చేసినోళ్ళకి పార్కుల్లో, క్యాంపుల్లో, స్కీ కొండల మీద పని దొరుకుతది, కానీ చాలావరకు సీజన్ పని. స్టడీ పర్మిట్ మీద వచ్చే పిల్లలు ఇంకా జాగ్రత్త. 2024 నవంబర్ 1 నుంచి అప్లై చేసినోళ్ళకి, కాలేజీ డిప్లొమా చేస్తే గవర్నమెంటు లిస్టులో ఉన్న సబ్జెక్టు అయితేనే తర్వాత వర్క్ పర్మిట్. డిగ్రీలకి ఆ లిస్టు అడ్డం రాదు. ఫీజు కట్టకముందే లిస్టు మీ కళ్ళతో చూసుకోండి, ఏజెంటు మాట మీద కట్టకండి. పీఆర్ ఉన్నోళ్ళ పిల్లలకి ఈ బాధ లేదు. థండర్ బేలో లేక్‌హెడ్ యూనివర్సిటీ, కామ్‌లూప్స్‌లో థాంప్సన్ రివర్స్ యూనివర్సిటీ ఈ చదువుకి ఉన్నాయి. పిల్లకి ఇష్టముంటే పోయి చూసి రండి. వేరే కోర్సు చేసే పిల్లలు కూడా ఈత, ఫస్ట్ ఎయిడ్ లాంటివి పక్కన తీసుకోవచ్చు.

ఇంక మన సంగతి. "నేను బావిలో బెండు కట్టుకొని ఈత నేర్చినోణ్ణి, నాకేంది" అని లేక్‌లో దూకేటోళ్ళు మనలో ఉన్నారు. మన బావి నీళ్ళు వేరు, ఇక్కడి నీళ్ళు వేరు. విన్నిపెగ్‌లో గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ చల్లనీళ్ళలో తానే దిగి పరీక్షలు చేసిండు. ఆయన చెప్పిన లెక్క 1-10-1. గడ్డకట్టేంత చలి నీళ్ళలో పడితే మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలె. తర్వాత 10 నిమిషాలే చేతులు కాళ్ళు మాట వింటాయి. స్పృహ పోవడానికి దగ్గర దగ్గర 1 గంట పడుతది. అంటే మునిగేది చలికి ప్రాణం పోయి కాదు, అంతకు చాలా ముందే చేతులు ఆడక. లైఫ్ జాకెట్ ఉంటే ఆ గంట మీ చేతిలో ఉంటది. పడవలో మనిషికో లైఫ్ జాకెట్ ఉండాలని ఇక్కడ రూలు. కానీ పడవలో ఉండుడు వేరు, ఒంటి మీద ఉండుడు వేరు. హార్నెస్ బండిలో పెట్టి పైకెక్కితే నేను ఊరుకుంటానా?

ఇక్కడి లైఫ్‌సేవింగ్ సొసైటీ 'స్విమ్ టు సర్వైవ్' అని మూడు పనులు చెప్తది. లోతు నీళ్ళలోకి దొర్లి పడి పైకి రావడం, 1 నిమిషం తేలుతూ ఉండడం, 50 మీటర్లు ఈదడం. అంతే. మనలో ఎంతమంది చేయగలరు? మన ఆడవాళ్ళు, పిల్లలు ఎంతమంది చేయగలరు? ఎండాకాలం వస్తే ప్రతి ఆదివారం బిర్యానీ డబ్బాలు పట్టుకొని లేక్‌కి పోతాం. దానికి ముందే దగ్గర్లోని కమ్యూనిటీ సెంటర్ పూల్‌కి పోయి పెద్దోళ్ళ ఈత క్లాసు ఎప్పుడుందో అడగండి. సిగ్గుపడకండి, అక్కడ అరవై ఏళ్ళోళ్ళు కూడా నేర్చుకుంటున్నారు. ఎవరెవరు వస్తారో కింద పేరు, ఏ ఏరియానో రాయండి. నలుగురైతే ఒకే బండిలో పోదాం.