సూదిమందు ఇచ్చే వేగం ఎవరిది?

యాభై మీటర్ల ఈతను 20.89 సెకన్లలో ముగించడం చిన్న విషయం కాదు. గ్రీసు ఈతగాడు క్రిస్టియన్ గ్కొలొమీవ్ 2025 ఫిబ్రవరిలో ఆ పని చేశాడు. 2009 నుంచి అప్పటివరకు నిలిచిన 20.91 సెకన్ల ప్రపంచ రికార్డు కంటే ఇది మెరుగు. అయినా ఆ సమయాన్ని రికార్డుగా గుర్తించలేదు. అతడు మందులు వాడి ఈదాడు. ఇప్పటి పోటీల్లో అనుమతి లేని రకం ఈత దుస్తులు కూడా వేసుకున్నాడు. ఇందులో ఏదీ దాచలేదు. మందులు వాడే క్రీడాకారుల కోసమే ఏర్పాటైన ‘ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్’ నిర్వాహకులు అతనికి 10 లక్షల డాలర్ల బహుమతి ఇచ్చారు. 2026 మేలో లాస్ వెగాస్‌లో పోటీలు జరుపుతామని కూడా ప్రకటించారు.

చాటుగా జరిగేదాన్ని డాక్టర్ల పర్యవేక్షణలో బహిరంగంగా జరపనివ్వండి, తప్పేముంది అన్నది వారి వాదన. మన సంఘాల్లోని యువకులు ఈ మాటలను ఫోన్లలో రోజూ వింటున్నారు. కాబట్టి తొందరపడి తిట్టడం కంటే, ఆ మందుల్లో బాగా పేరుపడిన ఒకదాన్ని, గ్రోత్ హార్మోన్‌ను, తీసుకుని నిజం తెలుసుకోవడం మేలు.

ఈ హార్మోన్ మెదడు కింద ఉండే పీయూష గ్రంథిలో తయారవుతుంది. పిల్లల ఎదుగుదలకు ఇదే ఆధారం. పెద్దవారిలో కండను నిలిపి, కొవ్వును కరిగించడంలో సాయపడుతుంది. ఇది లోపించిన పిల్లలకు డాక్టర్లు ఇంజెక్షన్లు ఇస్తారు. ఫుట్‌బాల్ క్రీడాకారుడు మెస్సీ చిన్నతనంలో తీసుకున్న చికిత్స అదే. అందులో తప్పు పట్టాల్సింది లేదు. లోపాన్ని పూరించడం వైద్యం. లోపం లేని శరీరంలోకి అదనంగా ఎక్కించడం వేరే సంగతి.

1985 వరకు ఈ మందును చనిపోయినవారి గ్రంథుల నుంచి తీసేవారు. దానివల్ల కొందరికి ప్రాణాంతకమైన మెదడు వ్యాధి సోకింది. ఆ తరువాత ప్రయోగశాలలో తయారీ మొదలైంది. సరఫరా పెరిగింది, మైదానాలకూ దారి దొరికింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగును 9.79 సెకన్లలో గెలిచిన బెన్ జాన్సన్ స్టెరాయిడ్‌తో పట్టుబడ్డాడు. అతడు గ్రోత్ హార్మోన్ కూడా వాడిన సంగతి మరుసటి ఏడాది కెనడా ప్రభుత్వ విచారణలో బయటపడింది. 1989లో ఒలింపిక్ కమిటీ దీన్ని నిషేధించింది. కానీ ఒలింపిక్స్‌లో పరీక్ష వచ్చింది 2004 ఏథెన్స్‌లోనే. మొదటి దోషి దొరికింది 2010లో, అతడు ఒక బ్రిటిష్ రగ్బీ ఆటగాడు. తయారుచేసిన హార్మోన్ శరీరంలోని దానికి నకలులాంటిది, పైగా రక్తంలో ఎక్కువ సేపు నిలవదు. అందుకే ఇంత ఆలస్యం.

మరి ఇంత పేరున్న మందు నిజంగా ఏం చేస్తుంది? 2008లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. కొవ్వు కాని శరీర భారం సుమారు 2 కిలోలు పెరుగుతుందని తేలింది. అందులో కొంత ఒంట్లో నిలిచిన నీరే కావచ్చు. బలం పెరిగినట్టు మాత్రం ఆధారం దొరకలేదు. 2010లో సిడ్నీ పరిశోధకులు 96 మంది సాధారణ క్రీడాకారులపై ఎనిమిది వారాలు పరీక్షించారు. బలంలో, దమ్ములో మార్పు లేదు. క్షణాల పాటు పూర్తి శక్తితో చేసే పనిలో మాత్రం దాదాపు 4 శాతం మెరుగుదల కనిపించింది. టెస్టోస్టెరోన్ కూడా తీసుకున్న పురుషుల్లో అది 8 శాతం దాటింది. మందు ఆపిన ఆరు వారాలకు ఆ లాభం పోయింది.

నాలుగు శాతమే కదా అనిపించవచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్‌లో మొదటివాడికీ ఎనిమిదోవాడికీ తేడా 0.12 సెకను. పది సెకన్ల పరుగులో ఒక్క శాతమంటే 0.10 సెకను. సిడ్నీ ఫలితం అగ్రశ్రేణి వారికి అలాగే వర్తిస్తుందని చెప్పలేం. కానీ అందులో నాలుగో వంతు లాభమున్నా చివరివాడు పతకాల వరుసలోకి రాగలడు. ‘పెద్దగా పనిచేయదు, వాడనివ్వండి’ అనే మాట నిలవనిది ఇక్కడే.

ఇక మూల్యం. కీళ్ల నొప్పులు, ఒళ్లు నీరు పట్టడం, చేతుల తిమ్మిర్లు, రక్తంలో చక్కెర పెరగడం త్వరగా కనిపించేవి. మోతాదు మించి ఏళ్ల తరబడి వాడితే దవడ, చేతులు, పాదాల ఎముకలు లావెక్కుతాయి, గుండె పెద్దదవుతుంది. పెరిగిన ఎముక మళ్లీ తగ్గదు.

బహిరంగంగా అనుమతిస్తే భద్రత వస్తుందన్న వాదన ఒక మనిషిని మరచిపోతుంది. అతడు మందు వద్దనుకునే క్రీడాకారుడు. అందరూ వాడే చోట అతనికి మిగిలేది రెండే దారులు: తనూ సూది గుచ్చుకోవడం, లేదా ఆట మానుకోవడం. పేరుకు స్వేచ్ఛ, లోపల బలవంతం.

ఇది దూరదేశాల గొడవ కాదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2023 లెక్కల్లో మన దేశం నుంచి పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 దొరికిపోయాయి. అవన్నీ గ్రోత్ హార్మోన్ కేసులు కావు, కానీ అన్నిటి వెనుకా ఉన్న ఒత్తిడి ఒకటే. 2022లో మన పార్లమెంటు చేసిన డోపింగ్ నిరోధక చట్టం పరీక్షకూ విచారణకూ బలం ఇచ్చింది. అయితే పదిహేడేళ్ల కుర్రాడికి సీసా చూపించే మనిషి చట్టం కంటే ముందే వాడి దగ్గరికి చేరుతున్నాడు.

ఆ కుర్రాడు మన ఇంటివాడో, మన సంఘంలో ఆదివారం వెనుక బల్ల మీద కూర్చునేవాడో కావచ్చు. గెలిచాడా అని అడిగే ముందు, ఏం తింటున్నావు, కోచ్ ఏం ఇస్తున్నాడు, ఒంట్లో ఎలా ఉంది అని అడుగుదాం. ఓడి వచ్చిన రోజున కూడా అదే ఆదరణతో పలకరిద్దాం. ఓడినా తనకు ఇంట్లో చోటు ఉందని తెలిసిన బిడ్డకు ఆ సీసాను వద్దనడం కొంత సులభమవుతుంది.