పళ్లెంలో పరిశుద్ధతను వెదకొద్దు

ఆదిలో దేవుడు మనిషికి ధాన్యాన్ని, పండ్లను ఆహారంగా ఇచ్చాడు (ఆది. 1:29). జలప్రళయం తర్వాత మాంసాన్ని కూడా అనుమతించాడు (ఆది. 9:3). మొదటి వచనాన్నే పట్టుకొని, మాంసం మానేసి పచ్చి కూరలు తినడమే దేవుని అసలు చిత్తమని వాదించే విశ్వాసులున్నారు. మంతెన సత్యనారాయణరాజు గారి ప్రసంగాలతో మొలకలు, పచ్చి కూరలు తెలుగిళ్లకు బాగా పరిచయమయ్యాయి. ఆరోగ్యం కోసం తింటే మంచిదే! కానీ పరిశుద్ధతకు అదే కొలబద్ద అయితే, మన తాతముత్తాతల మాటేమిటి?

2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 98 శాతం మాంసాహారులే. అయితే వారు రోజూ మాంసం తిన్నవారు కారు. చిత్తూరు మెట్ట పల్లెల్లో రోజువారీ తిండి రాగి సంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు. కోడికూర పండక్కో, చుట్టమొస్తేనో! వానను నమ్ముకున్న నేలలో ఏడాది పొడవునా కూరగాయలు, పండ్లు దొరకవు. మనిషి తినలేని కంపచెట్ల ఆకు మేసి, మేక పాలూ మాంసమూ ఇస్తుంది. 1876-78 మహా కరువును చూసిన సీమలో, ఇది తింటాను అది తినను అనే వీలు పేదలకెక్కడిది?

పచ్చిగా తినడం మరీ కష్టం. రాగులు, ఉలవలు, కందులు ఉడికితేనే కడుపు నింపుతాయి. మన దేశపు శాకాహార సంప్రదాయాలు సైతం పాలు, పెరుగులను వదల్లేదు. మొక్కల్లో సహజంగా దొరకని బి12 విటమిన్ వాటి ద్వారానే అందేది. పాలు కూడా మానేసే వారికి ‘వీగన్’ అనే పేరు ఇంగ్లండ్‌లో 1944లో పుట్టింది. శాస్త్రజ్ఞులు బి12ను కనుగొని వేరుచేసింది 1948లో. అంటే పూర్తి శాకాహారం అరుదుగా ఉండటానికి కారణం మనుషుల కాఠిన్యం కాదు, వారి లేమి.

దానియేలు రాజభోజనం వద్దని శాకధాన్యాలతో గడిపాడు. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ తీరాన నిప్పుల మీద చేపలు కాల్చి శిష్యులకు వడ్డించాడు. ఇద్దరినీ చూపించేది ఒకే బైబిలు. తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదని, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని పౌలు రోమా 14లో బోధించాడు.

తిరుమల కొండపై మాంసం నిషిద్ధం. ఆ నియమాన్ని గౌరవించడం పొరుగువారిపట్ల మన మర్యాద. మన ప్రేమవిందులో శాకాహారికి వేరే గిన్నె, వేరే గరిటె ఉంచడం ప్రేమ. ఏది తిన్నా కృతజ్ఞతతో తిందాం. ఆకలితో ఉన్న పొరుగువాడికి అందులో ఒక ముద్ద పెడదాం. దేవుడు చూసేది ఆ ముద్దనే!