న్యాయవాదికి, కక్షిదారుకు నడుమ మూడో మనిషి

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు ఆడపడుచు విడాకుల కోసం న్యాయవాది గడప తొక్కితే పక్కన మేనమామో, అన్నో కూర్చోవడం నేను తరచు చూస్తున్నాను. ఆమెకు తమిళం అంతంతమాత్రం, న్యాయవాదికి తెలుగు రాదు. మాట అటూ ఇటూ చేర్చడానికి అతడు కావాలి. మేనరికపు సంబంధమైతే అతడు ఇరుపక్షాలకూ చుట్టమే! దెబ్బల సంగతి చెప్పిన మనిషి పడకటింటి బాధను, పుట్టింట దాచిన నగలను మింగేస్తుంది.

చట్టం ఈ చిక్కును ఏనాడో గుర్తించింది. కక్షిదారు మాటను ఆమె సమ్మతి లేక వెల్లడించరాదని 1872 నాటి సాక్ష్య చట్టం న్యాయవాదితోపాటు దుభాషిని, గుమాస్తాను కూడా కట్టడి చేసింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ దానినే కొనసాగించింది. వ్యాజ్యం ముగిసినా ఆ కట్టడి తీరదు. వెంట వచ్చిన చుట్టానికి అది వర్తిస్తుందన్న భరోసా మాత్రం లేదు. కనుక న్యాయవాది తరఫు దుభాషినే కోరండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది లభిస్తాడు; తెలుగు వచ్చినవారే కావాలని అడగడానికి సంకోచమెందుకు?

మోసానికి తోడ్పాటు కోరే మాటకు ఈ రక్షణ లేదు. భరణం వ్యాజ్యాలలో ఉభయులూ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రంలో వెల్లడించాలని రజ్నేష్-నేహా కేసులో సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న ఆదేశించింది. నగల సంగతి న్యాయవాదికి ముందే తెలియకపోతే ఆ పత్రం అబద్ధమవుతుంది. పైగా అది ఇక్కడ తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ప్రతి వాక్యాన్నీ తెలుగులో చదివించుకొని, అలా చదివి వినిపించినట్లు పత్రం అడుగున రాయించుకున్న తరువాతనే సంతకం చేయండి.